కినంతి కొలతలు

"ఇప్పుడు ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావుగా" అని అత్తగారు సుమార్నీ తెచ్చి పడేసిన కర్టెన్ల బట్ట ఇస్త్రీ బల్ల పక్కన మోకాలెత్తున పడి ఉంది. ఆడపడుచు కొత్తింటికి పదకొండు కిటికీలు. బట్ట తెచ్చారు, రింగులు తెచ్చారు, దారం మాత్రం తేలేదు. "నీ దగ్గర ఉండే ఉంటుందిలే, ఇప్పుడు నీ పని అదేగా" అన్నది కూడా ఆవిడే.

వెనింగ్ భర్త చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతూ ఆ కుప్పని ఓరగా చూసింది. సురబయాలో ఓడలు కట్టే యార్డులో ఆమె పద్నాలుగేళ్ళు ఇంజనీరుగా చేసింది. ఓడ అడుగున, నడుం వంచితే తప్ప నడవలేని ఇనప గదుల్లో తిరుగుతూ వెల్డింగు అతుకులు గట్టిగా ఉన్నాయో లేదో చూడటం ఆమె పని. ఆ పద్నాలుగేళ్ళూ ఈ చొక్కాలు ఇస్త్రీ చేస్తూనే ఉంది. అప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకి చేసేది, ఇప్పుడు ఆరున్నరకి చేస్తోంది. ఉద్యోగం మానినందుకు ఈ ఇంట్లో ఆమెకి కలిసొచ్చింది ఆ రెండు గంటల నిద్రే. అది కూడా నిద్రగా రాలేదు. వారానికి నాలుగు మధ్యాహ్నాలు ఆమె ఫ్యాషన్ డిజైన్ స్కూలుకి వెళ్తుంది. అది ఇక్కడ ఎవరి లెక్కలోకీ రాదు. "ముప్ఫై తొమ్మిదేళ్ళకి మా ఆవిడకి గౌన్లు కుట్టాలని సరదా పుట్టింది. ఇంజనీరుని చేసుకున్నాననుకున్నాను, దర్జీ తేలింది" అని భర్త బగస్ వచ్చినవాళ్ళ ముందు నవ్విస్తాడు. వాళ్ళు నవ్వుతారు. ఆమె టీ కప్పులు అందిస్తూ తనూ నవ్వుతుంది, ఎందుకంటే నవ్వకపోతే "ఏంటి, అలిగావా?" అనే రెండో జోకు కూడా వినాలి. పిల్లలు లేరన్న మాట ఆ ఇంట్లో పైకి ఎవరూ అనరు. దానికి బదులు పనులు చెబుతారు.

ఉద్యోగం ఎందుకు మానావని మాత్రం ఎవరూ అడగలేదు. అత్తగారికి కారణం తెలుసు: ఆ ఇనప గదుల వేడికి ఒళ్ళు చెడింది. ఆడపడుచుకి తెలుసు: ప్రమోషన్ రాలేదని ఉక్రోషం. బగస్‌కి అసలు కారణం తెలుసు. అందుకే అతను అడగలేదు.

ఆమె చేరిన రోజుల్లో యార్డు పనిలోకి దిగే ఆడ ఇంజనీరు ఆమె ఒక్కతే. ఆఫీసులో కూర్చునే ఆడవాళ్ళు చాలామందే ఉండేవారు. ఓడ మీదికి ఎక్కేవాళ్ళు లేరు. మూత్రానికి వెళ్ళాలంటే ఓడలు నిలిపే డాకు చివర నుంచి ఆఫీసు భవనం దాకా ఎండలో పావుగంట నడవాలి కాబట్టి పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా ఉండటం మొదటి నెలలోనే అలవాటు చేసుకుంది. మీటింగుల్లో మేనేజరు హెర్మావాన్ "మేడమ్ ఉంటే మాకు టిఫిన్ల బెంగ లేదు" అనేవాడు. ఇరవైమంది మగవాళ్ళ మధ్య అరటిపళ్ళ బజ్జీల పెట్టెలు సర్ది, మూతలు తీసి, ఆ జిడ్డు వేళ్ళు తుడుచుకుని, అప్పుడు లేచి నిలబడి తన రిపోర్టు చదివేది. అందులో తప్పు దొరికితే "మేడమ్‌ రిపోర్టు" అనేవారు. దొరక్కపోతే "మా డిపార్టుమెంటు రిపోర్టు" అనేవారు. ఇవన్నీ ఆమె పట్టించుకునేది కాదు. పట్టించుకుంటే పని చేయలేం అని తనకి తాను చెప్పుకునేది. ఆ మాట ఎంత కాలం చెప్పుకుంటే నిజమవుతుందో ఆమెకి ఎవరూ చెప్పలేదు.

యార్డులో అందరూ వేసుకునేది వేర్‌ప్యాక్, మెడ నుంచి చీలమండల దాకా ఒకటే ముక్కగా ఉండే ముదురు నీలం ఉడుపు. అన్నీ మగవాళ్ళ సైజులే. అన్నిటికన్నా చిన్నది వేసుకున్నా భుజాలు మోచేతుల మీదికి జారేవి, ఫ్యాంటు కాళ్ళు నాలుగు మడతలు పెట్టాల్సొచ్చేది, చెయ్యి పైకెత్తితే గజ్జల దగ్గర బట్ట పట్టేసి కాలు లేచేది కాదు. ఆడవాళ్ళ సైజు తెప్పించమని ఆమె మూడుసార్లు రాసింది. ఆ కాగితాలు చేరేది కొనుగోళ్ళ విభాగానికి. అక్కడ రెండో అధికారి బగస్. మూడో కాగితం వెళ్ళిన రోజు రాత్రి భోజనాల దగ్గర అతను, కోపంగా కూడా కాదు, పప్పులో ఉప్పు తక్కువైందన్నట్టుగా అన్నాడు: "పనిలో దిగేది మీరు నలుగురు. నలుగురి కోసం వేరే ఆర్డరు పెడితే అమ్మేవాడు నవ్వుతాడు. పెళ్ళాం కోసం పెట్టాడని యార్డు మొత్తం నవ్వుతుంది. నా పరువు చూడవా?"

ఆమె చూసింది. తన వేర్‌ప్యాక్ ఇంటికి తెచ్చుకుని కుట్లన్నీ విప్పింది. చిన్నప్పుడు అమ్మ దగ్గర కుట్టు నేర్చుకుంది, పెళ్ళికి ముందు తన బట్టలు తనే కుట్టుకునేది. భుజం లోపలికి తెచ్చి, చంకలో, తొడల మధ్య అదనంగా పలకల్లాంటి ముక్కలు వేసి, కాళ్ళ చివర బిగించుకోవడానికి పట్టీ పెట్టింది. మర్నాడు నిచ్చెన ఎక్కుతుంటే తన ఒళ్ళు తనకి తిరిగి ఇచ్చినట్టు అనిపించింది.

దాన్ని మొదట గమనించింది కినంతి.

ఇరవై మూడేళ్ళ పిల్ల, బాబాత్ అనే ఊరి నుంచి వచ్చింది. తల మీద గుడ్డని హెల్మెట్ కింద గట్టిగా బిగించి కట్టుకుని, దవడలు నొక్కుకుపోతున్నా నవ్వుతూ ఉండేది. వెనింగ్ కింద పనిచేసే జూనియరు. "అక్కా, మీది ఒంటికి భలే అతికింది. నన్ను చూడండి, మా నాన్న ఒంట్లో దూరినట్టున్నాను. నాదీ కుట్టిపెట్టరూ?" అంది. గిడ్డంగి గదిలో తలుపు వేసుకుని వెనింగ్ కొలతలు తీసింది. టేపు నడుం చుట్టూ తిప్పుతుంటే ఆ పిల్ల మెలికలు తిరిగి కిలకిలా నవ్వింది. "అక్కా, చక్కిలిగిలి! ఆగండాగండి!" యార్డు అలవాటు కొద్దీ వెనింగ్ మిల్లీమీటర్లలో రాసుకుంది. భుజం మూడు వందల అరవై రెండు. నడుం ఆరు వందల నలభై. నడుం నుంచి చీలమండ దాకా తొమ్మిది వందల ఇరవై. గురువారం నాడు కినంతి తన రెండో వేర్‌ప్యాక్ సంచిలో పెట్టి ఇచ్చింది. "ఆదివారం కుట్టేస్తాను" అంది వెనింగ్.

ఆ ఆదివారం అత్తగారింట్లో అరిసాన్. నెలకోసారి వీధిలో ఆడవాళ్ళంతా ఒకరింట్లో చేరి తిని, కబుర్లు చెప్పుకుంటారు. ముప్ఫైమందికి వెనింగ్ ఒక్కతే సోయాగింజల తెంపె ముక్కలు వేయించింది, కొబ్బరి అన్నం వండింది, గిన్నెలు తోమింది. "చదువుకున్న కోడలైనా చెయ్యి తిరిగింది" అని ఎవరో మెచ్చుకుంటే అత్తగారు మురిసిపోయారు. తరువాతి ఆదివారం ఆడపడుచు కూతురి స్కూలు నాట్యానికి పన్నెండు లంగాలకి అంచులు కుట్టాల్సొచ్చింది. మర్నాడు కినంతి "అక్కా, అయిందా?" అని అడిగింది. "ఈ వారం తప్పకుండా." మూడో ఆదివారం ఏం జరిగిందో వెనింగ్‌కి గుర్తు లేదు. అదే ఆమెని ఎక్కువగా పీడించేది. ఆ రోజు ఏ పని చేసిందో, ఎవరి కోసం చేసిందో, ఎంత గింజుకున్నా గుర్తు రాదు. అంత చిన్న పని అయి ఉంటుంది.

మంగళవారం పదకొండు గంటలకి, కొత్త ఓడ అడుగున నీళ్ళు నింపే ట్యాంకులో, కినంతి నిచ్చెన దిగుతోంది. నడుముకున్న తాడు కొక్కెం ఒక చోట తీసి ఇంకో చోట తగిలించుకునే ఆ రెండు క్షణాల్లో ఎడమకాలి ఫ్యాంటు మడత ఊడి జారింది. మడమ కింద బట్ట పడింది. పదకొండు మీటర్లు. వెనింగ్ పక్క ట్యాంకులో ఉంది. ఆమెకి అరుపు వినపడలేదు. హెల్మెట్ ఇనుము మీద పడి దొర్లిన చప్పుడు వినపడింది. ఎవరో సామాను జారవిడిచారనుకుని, చేతిలో అతుకు కొలత రాసుకోవడం పూర్తి చేసింది.

మూడు రోజుల్లో రిపోర్టు తయారైంది. కారణం: దుస్తులు సరిగ్గా ధరించకపోవడం, వ్యక్తిగత అజాగ్రత్త. పై అధికారిగా వెనింగ్ సంతకం కావాలి. హెర్మావాన్ తలుపు దగ్గరగా వేసి, కుర్చీ ఆమె పక్కకి లాక్కుని చాలా మెత్తగా మాట్లాడాడు. "మేడమ్, ఆ పిల్ల ఇక తిరిగి రాదు. ఓడ ఆగిపోతే ఆరు వందల కుటుంబాలు. అయినా మడత సరిగ్గా పెట్టుకోకపోవడం అబద్ధమేం కాదుగా? ఇంకోటి, ఆ సైజుల కాగితాలు ఎవరి బల్ల దగ్గర ఆగాయో మీకు నేను చెప్పక్కర్లేదు." ఆమె సంతకం పెట్టింది. సాయంత్రం ఇంటికి బగస్ కారు నడుపుతున్నాడు. వంతెన దాటాక, ముందు రోడ్డు చూస్తూనే, "మంచిపని చేశావు" అన్నాడు.

అంత్యక్రియలకి ఆమె వెళ్ళలేదు. యార్డు పేరు మీద పూలదండ వెళ్ళింది. తన ఒంటిమీద సరిగ్గా అతికిన ఆ వేర్‌ప్యాక్ తొడుక్కుని ఇంకో ఆరు నెలలు పనికి వెళ్ళింది. కొత్త బ్యాచిలో ఒక అమ్మాయి ఫ్యాంటు నాలుగు మడతలు పెట్టుకుని "గుడ్ మార్నింగ్ మేడమ్" అంటూ ఎదురొచ్చిన రోజున, వెనింగ్ వంగి, అందరూ చూస్తుండగా, ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని మడతలు సరిచేయడం మొదలుపెట్టింది. ఎంత సరిచేసినా లేవలేకపోయింది. ఆ మధ్యాహ్నమే రాజీనామా రాసింది.

*

ఫ్యాషన్ స్కూలు దరఖాస్తులో "ఎందుకు చేరాలనుకుంటున్నారు?" అన్న చోట ఆమె "ఫ్యాంటు కాళ్ళు సరిగ్గా ముగించడం నేర్చుకోవడానికి" అని రాసింది. లానీ టీచరు అది చదివి పడీపడీ నవ్వింది. అరవై దాటిన చీనా ఇంటి మనిషి, నలభై ఏళ్ళు పెళ్ళి గౌన్లు కుట్టిన చెయ్యి. "ఇక్కడికొచ్చే పిల్లలంతా ప్యారిస్ అంటారు. నువ్వొక్కదానివే కాళ్ళ దగ్గరున్నావు. రా, కూర్చో" అంది.

తప్పు తీర్చుకోవడానికి చేరిన చోట సంతోషం ఎదురవుతుందని వెనింగ్ అనుకోలేదు. యార్డులో సమతలంగా ఉండే ఇనప రేకుని ఓడ కడుపు వంపుకి తిప్పాలంటే ఎక్కడ కోయాలో, ఎక్కడ సాగదీయాలో ముందే నేల మీద నిలువెత్తు గీతలు గీసుకునేవారు. ఇక్కడా అంతే. చదునైన బట్ట, వంపుల మనిషి. రేకు మొండికేస్తుంది, బట్ట మాట వింటుంది. ఏటవాలుగా కోస్తే ఒంటి వెంట జారుతుంది, నిలువుగా కోస్తే నిలబడుతుంది. చెయ్యి ఎత్తినప్పుడు బరువు ఏ కుట్టు మీద పడుతుందో ఆమె చూడగానే చెప్పేది. ఇరవై ఏళ్ళ పిల్లలు తమ జాకెట్ల చంకలు పట్టుకుని ఆమె బల్ల చుట్టూ చేరేవారు. ఇన్నేళ్ళూ ఇంటి కోసం వంగి వంగి కుట్టిన అంచులకీ దీనికీ సంబంధమే లేదనిపించేది. అవి కుట్టేటప్పుడు ఆమె లేదు. ఇక్కడ ఉంది. ఒక్కోసారి మధ్యాహ్నం మూడింటి వేళ కత్తెర బట్టలో దిగే ఆ కరకర శబ్దంలో ఆమె అన్నీ మర్చిపోయేది. మర్చిపోయానని తెలియగానే కత్తెర కింద పెట్టేసేది. ఎవరో పక్క ట్యాంకులో ఉన్నారు, తను రాసుకుంటూ కూర్చుంది అనిపించేది.

బయట నడుస్తున్నప్పుడు మనుషుల మొహాలు చూడటం ఎప్పుడో మానేసింది. కాళ్ళే చూస్తుంది. బజారులో, బస్సు మెట్ల మీద, మసీదు ముందు. ఎవరి అంచు నేలని రాస్తున్నా ఆగి, వాళ్ళు దాటేదాకా చూస్తుంది. టేపు చేతిలోకి తీసుకుంటే చాలు, ఎవరి నడుం చుట్టూ తిప్పినా ఆ కిలకిల వినపడుతుంది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ నవ్వి ఉండరు.

రెండో సంవత్సరం మొదట్లో ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక లానీ టీచరు ఆమెని ఆపింది. గోడకి తగిలించిన ఆమె నమూనాలన్నీ, జాకెట్టు, పొడుగు గౌను, కెబాయా రవిక, వర్షపు కోటు, వరసగా బల్ల మీద పరిచింది. ముక్కు మీది కళ్ళజోడు సర్దుకుంది.

"ఎవరీ అమ్మాయి?"

"ఏ అమ్మాయి, టీచర్?"

"నన్ను వెర్రిదాన్ని చేయకు. నేను ఇచ్చిన కొలతలేంటి, నువ్వు కోసిందేంటి? అన్నీ ఒక్క ఒంటికే. సన్నటి నడుం, కుడి భుజం పిసరంత కిందికి. పైగా మనిషికి మిల్లీమీటర్లేమిటి? ఎనిమిది నెలలుగా ఒకే అమ్మాయికి కుడుతున్నావు. తీసుకురా ఒకసారి, తొడిగి చూద్దాం."

వెనింగ్ నమూనాల మీద చెయ్యి వేసి చూసుకుంది. తెలియదు. నిజంగా ఆమెకి తెలియదు. తరగతిలో రాసిచ్చిన కొలతలతోనే గీశాననుకుంది.

"ఆ అమ్మాయి రాదు టీచర్" అంది. ఇంక ఆపుకోలేక బల్ల మీదికి ఒరిగిపోయి, గిడ్డంగి గది నుంచి కారులో "మంచిపని చేశావు" దాకా అంతా చెప్పేసింది. ఏడాదిన్నరలో ఆ సంగతి నోటితో చెప్పడం అదే మొదటిసారి.

లానీ టీచరు ఓదార్చలేదు. నమూనాలు ఒక్కొక్కటే మడిచి ఆమె చేతిలో పెట్టింది. "నేను నీకు కుట్టు నేర్పగలను. ఇది నా దగ్గర తీరేది కాదు. ఆ అమ్మాయికి ఒక తల్లి ఉండే ఉంటుందిగా?"

*

కినంతి ఇచ్చిన సంచి అలమారలో, పైఅరలో, దుప్పట్ల వెనక ఉంది. సోమవారం బగస్ ఆఫీసుకి వెళ్ళగానే వెనింగ్ దాన్ని దించింది. పగలంతా కూర్చుని ఆ వేర్‌ప్యాక్ కుట్టింది. కొలతలు చూసుకోవాల్సిన పని పడలేదు. అప్పుడైతే ఒక పూటలో అయిపోయేదని కుడుతూ కుడుతూ ఆమెకి అర్థమైంది. ఒక్క పూట. చివరి కాలి పట్టీ దగ్గరికి వచ్చేసరికి సూది రెండుసార్లు గుచ్చుకుంది.

మంగళవారం ఉదయం రైలెక్కి బాబాత్‌లో దిగింది. కినంతి తల్లి తుకినెమ్ స్టేషను ఎదురుగా పెచెల్ అన్నం అమ్ముతుందని యార్డులో కినంతే చెప్పేది, "మా అమ్మ వేరుశెనగ పచ్చడికి రైళ్ళు కూడా ఆగుతాయి అక్కా" అని. పొట్టిగా, గట్టిగా, కూతురిలాగే దవడలు బిగుసుకునేలా తలగుడ్డ కట్టుకున్న మనిషి రోటి ముందు కూర్చుని ఉంది. వెనింగ్ తనెవరో చెప్పింది. తుకినెమ్ చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"కూర్చోండి మేడమ్. తిన్నారా?"

"ఇప్పుడొద్దండీ…"

"నా దుకాణంలో కూర్చుని వద్దంటే ఎలా?" అని ఆకులో అన్నం, ఉడికించిన ఆకుకూర, పైన పచ్చడి వేసి ముందు పెట్టింది. వెనింగ్ తిన్నది. మెతుకు మిగల్చకుండా తిన్నది. ఆకు మడిచాక సంచిలోంచి వేర్‌ప్యాక్ తీసి రెండు చేతులతో ఇచ్చింది.

తుకినెమ్ దాన్ని విప్పి, చేతులు చాచి ఎత్తి పట్టుకుంది. కాళ్ళ చివర పట్టీలు వేలితో తడిమింది. "దాని ఒంటికి చక్కగా సరిపోయేది" అంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "మీరు మంచివాళ్ళు. ఇంత దూరం వచ్చారు. అది మీ పేరు తలవని రోజు లేదు. తప్పంతా దానిదే మేడమ్. చిన్నప్పటి నుంచీ అంతే, ఒక చోట నిలబడదు, బట్ట సర్దుకోదు. మీ ఆఫీసు కాగితం మా అన్న కొడుకు చదివి చెప్పాడు, అజాగ్రత్త అని రాశారట. ప్రతి గురువారం పూలు పట్టుకెళ్తాను. వెళ్ళి తిట్టి వస్తాను. ఎన్నిసార్లు చెప్పానే ముండా, చూసుకుని నడవమని, నీ అజాగ్రత్తకి నన్ను ఒంటిదాన్ని చేశావని. ఏడాదిన్నరగా తిడుతున్నాను. ప్రార్థన కూడా సరిగ్గా చేయలేదు, కోపంతో."

స్టేషనులో రైలు కూత వేసింది. వెనింగ్ వెనక గోడని ఒక చేత్తో పట్టుకుంది. ఇన్నాళ్ళూ తను సంతకం పెట్టింది ఒక కాగితం మీద అనుకుంది. ఆ సంతకం ప్రతి గురువారం సమాధి దగ్గర కూర్చుని చచ్చిపోయిన పిల్లని తిడుతోందని ఆమె అనుకోలేదు.

"అది అబద్ధం" అంది.

"ఏది?"

"అజాగ్రత్త అన్నది. సంతకం నేనే పెట్టాను. మడత ఊడింది, కానీ ఆ మడత ఉండాల్సిన పని లేదు. ఆ బట్ట మగవాళ్ళది. మాకు సరిపోయేవి కొనమని మూడుసార్లు అడిగాం, కొనలేదు. కొననిది నా భర్త. ఇది కుట్టిపెట్టమని కినంతి నాకే ఇచ్చింది. మూడు వారాలు నా ఇంట్లో ఉంది. నేను కుట్టలేదు."

తుకినెమ్ రోటి అంచుకి అంటుకున్న పచ్చడి వేలితో గీకింది. అన్నం కోసం వచ్చిన ఒక ముసలాయనని చేత్తోనే తర్వాత రమ్మంది. మళ్ళీ మాట్లాడినప్పుడు 'మేడమ్' లేదు.

"కుట్టి ఉంటే?"

"బతికేది."

"ఎందుకు కుట్టలేదు?"

"మా అత్తగారింట్లో వంట ఉంది. తరువాత లంగాల అంచులు. తరువాత… గుర్తు లేదు."

"ఆ వంట నువ్వు చేయకపోతే ఏమయ్యేది?"

"ఏమీ అయ్యేది కాదు. మాట పడేదాన్ని."

"మాటకి భయపడ్డావు." తిట్టినట్టు లేదు, అలాగని క్షమించినట్టూ లేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "నేనూ అంతే. మీ ఆఫీసువాళ్ళు నలుగురు వచ్చి ఇక్కడ వేలిముద్ర వేయమంటే వేసేశాను. బూట్లేసుకుని వచ్చారు కదా, నిజమే చెబుతారనుకున్నాను. నా కడుపున పుట్టినదాన్ని నమ్మలేదు, బూట్లని నమ్మాను" అంది. వెనింగ్ చెయ్యి చాచబోయింది. తుకినెమ్ తన చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నన్ను ముట్టుకోకు. ఏడవకు కూడా. అబద్ధం కాగితం మీద రాశారుగా? ఇదీ కాగితం మీదే రాయి."

వెనింగ్ దగ్గర తెల్లకాగితం లేదు. స్కూలు సంచిలో నమూనాలు గీసే గోధుమరంగు కాగితం చుట్ట ఉంది. అన్నం బల్ల మీద దాన్ని పరిచి, అంచు చింపి, రాయడం మొదలుపెట్టింది. యార్డులో రిపోర్టు రాసినట్టే రాసింది. తేదీలు, గంటలు, కొలతలు, తను పంపిన మూడు కాగితాల నంబర్లు. అవి ఆమెకి కంఠస్థం. ఇంజనీరుగా తను ఇంత సూటిగా ఏ రిపోర్టూ రాయలేదు. సగంలో ఫోను మోగింది.

"ఎక్కడున్నావు? ఇంటికి తాళం వేసుందని అమ్మ వీధిలో నిలబడి ఫోను చేసింది" అన్నాడు బగస్.

"బాబాత్‌లో."

ఆ ఊరి పేరు అతనికి వివరించాల్సిన పని లేదు.

"అక్కడ నీకేం పని?"

"జరిగింది రాస్తున్నాను. ముందు నా పేరు రాశాను. తర్వాత హెర్మావాన్‌గారిది. తర్వాత మీది. రేపు పొద్దున కార్మిక శాఖ ఆఫీసులో ఇస్తాను."

"నీకు పిచ్చెక్కిందా? నా ఉద్యోగం ఏమవుతుంది? నిన్ను మాత్రం వదులుతారా?" గొంతు హఠాత్తుగా మెత్తబడింది. "వెనింగ్, ఇంటికి రా. కూర్చుని మాట్లాడుకుందాం. అంతా నీ మంచికే చేశానమ్మా."

ఒకప్పుడైతే ఆ మెత్తదనం చాలు, లేచి వెళ్ళిపోయేది. "ఈ రాత్రి లానీ టీచరు ఇంట్లో ఉంటాను. ఉద్యోగం ఎందుకు మానానో మీరు అప్పుడే అడిగి ఉంటే, ఇంట్లోనే కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం" అని ఫోను పెట్టేసింది. అక్షరాలు వంకర పోతుంటే ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని మిగతాది రాసింది. కింద పూర్తి పేరుతో సంతకం పెట్టింది.

తుకినెమ్ ఆ కాగితాన్ని తిరగేసి చూసింది. ఆవిడకి చదవడం రాదు. "పద" అంది. గిన్నెల మీద మూతలు పెట్టి, దుకాణం మీద గుడ్డ కప్పేసింది.

"ఎక్కడికండీ?"

"నాకు చదివి వినిపించడం దేనికి? తిట్లు తిన్నది నేను కాదుగా."

స్మశానం రైలు పట్టాల అవతల ఉంది. మంగళవారం కావడంతో ఎవరూ లేరు. దేవగన్నేరు చెట్ల కింద చిన్న సమాధి, పేరు చెక్కిన చెక్క. తుకినెమ్ రాలిన పూలు చేత్తో ఊడ్చి, గొంతుక్కూర్చుని, ఈసారి ఏమీ అనకుండా ఆ చెక్క మీద అరచెయ్యి ఆనించింది. తల ఎత్తకుండానే చదవమని సైగ చేసింది.

వెనింగ్ నిలబడే చదివింది. తన పేరు చదివింది, తన హోదా చదివింది. మగవాళ్ళ కొలతలూ కినంతి కొలతలూ పక్కపక్కన రాసిన చోట ఒక్కో అంకె విడివిడిగా చదివింది. చివరి వాక్యం దగ్గరికి వచ్చింది.

"కినంతి అజాగ్రత్తగా లేదు. ఆమె తప్పు ఏమీ లేదు."

తుకినెమ్ భుజాలు కదిలాయి. "ఆ ముక్క మళ్ళీ చదువు" అంది. "గట్టిగా. అది పడుకుంటే ఒక పట్టాన లేవదు."

వెనింగ్ గొంతు సవరించుకుని, పట్టాల అవతలికి కూడా వినపడేలా మళ్ళీ చదివింది.